పంచె తింటావా

కారమడై ఊరికి పోయే బస్సులో పరీక్షపాఠం వల్లె వేస్తున్నాను. "కార్బోహైడ్రేట్ శక్తికి, ప్రొటీన్ కండకు, కొవ్వు నిల్వకు, న్యూక్లిక్ ఆసిడ్ వంశగుణాలకు."

పక్కసీటాయన మిల్లులో నూలుకు గంజి పెట్టే మనిషి. ఊరుకోలేదు.

"నీ పంచె నూలూ కార్బోహైడ్రేటే తంబీ. తిని శక్తి తెచ్చుకో, చూద్దాం."

నాకు ఒళ్ళు మండింది. "గంజీ అదేగదన్నా, దాన్ని తాగుతామే."

"అదే చెప్తా ఉండాను. రెండింట్లో చక్కెర ఒకటే, ఆ చక్కెర అల్లుకునే తీరు వేరు. అద్దకానికి ముందు గుడ్డను ఎంజైమ్ తొట్టిలో నానేస్తారు. ఆ ఎంజైమూ ప్రొటీనే, కండ కాదు. గంజిని తినేస్తుంది, నూలును ముట్టదు."

విసుగ్గా కిటికీవైపు తిరిగాను. పరీక్షలో నా నాలుగు ముక్కలే రాసి పాసయ్యాను.

తర్వాత ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకు ఆ పాఠమే చెప్పాను. ఎవడైనా ఆ నాలుగు ముక్కలు వల్లిస్తే, పంచె తింటావా అని కసిరేవాణ్ణి.