జట్కా గుర్రాల డైరెక్టరు

మద్రాసులో నేను ఐదు కౌబాయ్ సినిమాలు తీశాను. అన్నీ పదిహేను, ఇరవై రోజుల్లో చుట్టేసినవే. మొదటి మూడూ ఓ మాదిరిగా ఆడాయి. తర్వాతి రెండూ వారం తిరక్కుండానే డబ్బాల్లో మూలపడ్డాయి. ఆ తర్వాత ఏ నిర్మాతా నన్ను లోపలికి రమ్మనలేదు. డబ్బింగు థియేటర్లలో సహాయకుడిగా ఏళ్లు గడిచిపోయాక, ఒక ఏజెంటు అడిగాడు, "సౌదీలో గుర్రాల లాయానికి సూపర్వైజరు కావాలి. అనుభవం ఉందా?" అని. ఉందన్నాను. నా సినిమాల స్టిల్సు కూడా చూపించాను.

నిజానికి నా దగ్గరున్న గుర్రాలు రెండే, రెండూ జట్కాలు లాగినవే. ఓసారి సుద్ద, ఓసారి బొగ్గు పూసి, వాటినే బందిపోట్ల దండుగా చూపించేవాణ్ణి. వాటి పనంతా వాటిని తోలిన ముసలాయన, మేం జట్కాతాత అనేవాళ్లం, చూసుకునేవాడు. నేను కెమెరా వెనకనుంచి కదిలేవాణ్ణి కాదు.

అల్ ఖోబర్ శివార్లలో నాకు వీసా ఇచ్చిన యజమాని, అంటే మా కఫీల్‌కి పద్నాలుగు అరబ్బీ గుర్రాలుండేవి. వాటిని సాకేది ఒక కడప మనిషి. నేను దూరంగా నిలబడి తలాడించేవాణ్ణి. కఫీల్ ఎప్పుడు ఎక్కి చూపించమంటాడోనని రోజూ అదే బెంగ. గల్ఫ్ యుద్ధం మొదలై సైరన్లు మోగే రోజుల్లో కూడా, క్షిపణికంటే ఆ మాటకే ఎక్కువ భయపడ్డాను.

యుద్ధం ఆగాక ఒక మధ్యాహ్నం, తగలబడుతున్న కువైట్ చమురు బావుల పొగ ఆకాశాన్ని కమ్మేసింది. పట్టపగలే లైట్లు వేశాం. గుర్రాలు తలుపులు తన్నడం మొదలుపెట్టాయి.

"సార్, తెల్లది గొళ్ళెం ఇరగ్గొడతాంది! ఏం జేయల్ల, చెప్పు!" అని కడప మనిషి అరిచాడు.

ఇక దాచలేక అనేశాను. "నాకు తెలీదయ్యా. గుర్రం మీద చెయ్యేసి ఎరగను. నేను సినిమా డైరెక్టర్ని."

"అయితే ఈడ్నే నిలబడుకో సార్. మాట్లాడకుండా దీన్ని పట్టుకో," అని అతను పగ్గం నా చేతికిచ్చాడు. తన తలగుడ్డ విప్పి గుర్రం కళ్లకు కట్టి, మెడ నిమురుతూ ఏదో గొణిగాడు. అది కుదుటపడేదాకా నేను పగ్గం వదల్లేదు.

సాయంత్రం నేనే వెళ్లి కఫీల్ ముందు ఒప్పుకున్నాను. పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తాడనే అనుకున్నాను.

"మొదటిరోజే తెలుసు," అన్నాడాయన వచ్చీరాని ఉర్దూలో. "గుర్రం వెనకవైపు నుంచి దగ్గరికి వచ్చావు. తెలిసినవాడెవడూ అలా రాడు."

"మరి నన్నెందుకు ఉంచారు?"

"నీకంటే ముందు పనిచేసినవాడు గుర్రాల్ని కొట్టేవాడు. నువ్వు కొట్టలేదు."

మర్నాడే సూపర్వైజరు పని కడప మనిషికిచ్చి, నన్ను దాణా గిడ్డంగికి మార్చాడు. అక్కడ ఆరేళ్లు చేశాను. మళ్లీ సినిమా తీయలేదు. తీరిక దొరికితే కడప మనిషి నాకు గుర్రాల ఒళ్లు రుద్దే మాలీసు పని నేర్పేవాడు. గుర్రం చిరాకుపడి చెవులు వెనక్కి వాల్చిందంటే చాలు, నేను బ్రష్షు పారేసి గోడ పక్కకి పరిగెత్తేవాణ్ణి.