ఆమోసుగారి ప్రార్థన మనవి

డాలస్‌లో సైన్యానికి పారాచూట్ పట్టీలు కుట్టే కంపెనీలో ఆమోసుగారిది తనిఖీ ఉద్యోగం. కనిపించిన పట్టీనల్లా గట్టిగా లాగి చూడడం ఆయన అలవాటు. కారులో సీటు బెల్టునీ, చర్చిలో పాస్టరుగారి సంచి కాడనీ కూడా వదలరు. కాడ తెగిన ఆదివారం ఆయనే కూర్చుని కుట్టిచ్చారు. పనికిరావని తను పక్కన పడేసిన పట్టీలనే కంపెనీ సైన్యానికి అమ్మేస్తోందని తెలిసి, 1987లో కోర్టులో కేసు వేశారు. "కోర్టు బయటపెట్టేదాకా ఎవరికీ చెప్పకండి, చెబితే కేసు పోవచ్చు" అన్నాడు లాయరు. కేసు పోతే పాపం సైనికులు ఆ పట్టీలతోనే విమానంలోంచి దూకాలి. అందుకని భార్య నవోమికి తప్ప ఆయన ఎవరికీ చెప్పలేదు.

శనివారం కూడికలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు మాత్రం దేవుడి ముందు ఊరుకోలేక లేచారు. "మా ఇంట్లో ఒక సంగతి ఉంది. ఇప్పుడు చెప్పకూడదు. కొన్ని నెలలకి అందరికీ తెలుస్తుంది. ప్రార్థించండి." ఆడవాళ్లంతా నవోమి వైపు చూశారు. ఆవిడకి యాభై దగ్గర పడుతోంది.

మర్నాడే, కూడికలో ఆ మనవి విన్న దెబోరా చింతకాయ పచ్చడీ, తన మనవడి ఊగుడు కుర్చీ పట్టుకొచ్చింది. "ముసలితనంలో బిడ్డనిచ్చి శారమ్మను దీవించినట్టు దీవించాడు వదినా దేవుడు" అంటూ కళ్లు తుడుచుకుంది.

"అది కాదు చెల్లెమ్మా, అసలు సంగతి..." అనబోయిన ఆమోసుగారి కాలు తొక్కింది నవోమి. పచ్చడి వేలితో నాకి, "పులుపంటే నాకు ప్రాణం వదినా" అంది. అదీ నిజమే.

ఆమోసుగారికి అబద్ధం రాదు. వంగి, ఊగుడు కుర్చీ పట్టీని గట్టిగా లాగి చూశారు.

"ఇది తెగదు చెల్లెమ్మా" అన్నారు, తృప్తిగా.