రేపల్లె జంట, తెనాలి పిల్లలు

పెళ్లయి తెనాలి వచ్చేటప్పుడు నేను పట్టుబట్టి తెచ్చుకున్నది ఒక పావురాల జంటను. రేపల్లెలో మా నాన్న మేడ మీద పుట్టి పెరిగినవి. బుట్ట చేతికిస్తూ నాన్న ఒకటే మాట చెప్పారు: వీటిని గూట్లోంచి ఎప్పుడూ వదలకు, వీటికి పుట్టే పిల్లల్నే వదులు. పావురాలు పెంచేవాళ్లందరూ పాటించే పద్ధతే అది.

నాకు చెబితే వినే అలవాటు లేదు. నలభై రోజులు జొన్నలు మేపి, ఇంత తిన్నాక ఇంకెక్కడికి పోతాయిలే అని ఒక ఆదివారం పొద్దున తలుపు తీశాను. రెండు చుట్లు తిరిగి దక్షిణానికి పోయాయి. మేం టిఫిన్ ముగించి కాఫీ తాగేసరికి నాన్న ఫోను. నీ పావురాలు వచ్చి కూచున్నాయి, తెగ ఆకలి మీదున్నాయి, నువ్వేమీ పెట్టడం లేదా అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడే ఆయన బుట్టతో రైలు దిగి, వాటిని అప్పగించి, భోంచేసి వెళ్లారు.

మావారు రోజూ బాపట్ల వెళ్లి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి వస్తారు. ఇంటికొచ్చాకా చెప్పడం మానరు. దారి వెతుక్కునే తెలివి పావురానికి పుట్టుకతోనే, తల్లిదండ్రుల జన్యువుల్లోంచి వస్తుందట. ఏది తన ఇల్లన్నది మాత్రం రెక్కలొచ్చిన కొత్తలో ఏ డాబా మీంచి చుట్టూ చూస్తే అదేనట. అయితే పుట్టింటి రక్తానికి విలువే లేదా అని తగువేసుకున్నాను. నేను పావురాల సంగతే చెబుతున్నానంటూ ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

నాకు మాత్రం అది పావురాల సంగతిలా వినిపించలేదు. పెళ్లయి ఏడాది కావస్తున్నా రేపల్లె బస్సు కనిపిస్తే చాలు, ఎక్కేయాలనిపించేది. అందుకే ఆ జంటకు పుట్టే పిల్లల్ని రేపల్లెలో వదిలితే మా నాన్న మేడ మీదే వాలతాయని ఆయనతో పందెం కాశాను. గెలవాలని గట్టిగా కోరుకున్నాను.

రెండు పిల్లలు పుట్టాయి. రెక్కలు ముదిరాక స్కూటర్ మీద తీసుకెళ్లి మొదట అమృతలూరులో వదిలాం, తర్వాత భట్టిప్రోలులో. రెండుసార్లూ మాకంటే ముందే డాబా మీదున్నాయి. అసలు పరీక్ష రేపల్లెలో అన్నాను.

ఆ రోజు మావారే బుట్ట తీసుకుని నాన్న మేడ మీదికి వెళ్లారు. నేను తెనాలిలో మా డాబా మీద ఫోను చెవికి పెట్టుకుని కూచున్నాను. వాటి తల్లిదండ్రులు పుట్టిన మేడ, అదే గూడు, అవే జొన్నలు. పావురాల్ని దింపడానికి నాన్న జొన్నల డబ్బా ఆడించడం కూడా వినిపించింది. దిగండి, దిగండి అని మనసులో బతిమాలుకున్నాను.

"ఒక్క చుట్టు తిరిగాయమ్మా. నా డబ్బా వంకైనా చూళ్లేదు" అన్నారు నాన్న.

ఏడుపొచ్చింది. కానీ అరగంట దాటేసరికి ఏడుపు పోయి భయం పట్టుకుంది. డేగ తన్నుకుపోయిందేమో, కరెంటు తీగలకు తగిలాయేమో. పందెం సంగతే మరిచిపోయాను. చివరికి కొబ్బరిచెట్ల మీంచి రెండూ వచ్చి గూటి మీద వాలాయి. వెంటనే నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా, ఇంటికొచ్చేశాయి" అన్నాను.

అన్నాక గానీ తెలియలేదు, దేన్ని ఇల్లన్నానో. నాన్నకు నాకంటే ముందే తెలిసినట్టుంది.

"మంచిదమ్మా. ముందు వాటికి నీళ్లు పెట్టు" అన్నారు.