చేపలకు వదులు కొలత

ఒంటికి అతికినట్టు కుట్టడానికి ఆ దర్జీ పెట్టింది పేరు. ముచ్చటపడి కొన్న రెండు గోల్డ్‌ఫిష్‌లనూ అలాగే ఒక బుల్లి గాజుగిన్నెలో సర్దేశాడు. వారం తిరక్కుండానే అవి నీటిపైకి తేలి, నోళ్లు తెరిచి ఆయాసపడసాగాయి. దర్జీ చేపల దుకాణానికి పరుగెత్తాడు.

“జానెడు ఎదిగే చేపలండీ అవి! పసిపిల్లలకి బిగుతుచొక్కాలు కుడతారా మీరు?” అని కడిగేసింది దుకాణం ఆవిడ.

ఆ పూటే నాలుగడుగుల తొట్టీ, ఫిల్టరూ ఇంటికొచ్చాయి. గుడ్డ కత్తిరించే బల్ల మీద తప్ప తొట్టి ఇంకెక్కడా పట్టలేదు. నాలుగు రోజుల్లో చేపలు కోలుకుని షికార్లు మొదలెట్టాయి. దర్జీ మాత్రం మంచానికీ బీరువాకీ మధ్య ఇరుక్కుని కత్తెర ఆడిస్తున్నాడు.

“మరి మీరు మెసలడానికి చోటేదండీ?” అంది భార్య.

“నేనింక ఎదగనుగా!” అన్నాడు దర్జీ.