పైకి అనకూడని ఆట

బేస్‌బాల్ అనే ఆట ఒకటి ఉందని యాభై ఏళ్ళు దగ్గరపడేదాకా నాకు తెలియదు. ఇప్పుడు ఆ ఆటలో నూరేళ్ళ కిందట జరిగినవి కూడా కొన్ని చెప్పగలను. చదివి తెలుసుకున్నవి కావు. నాకు అంకెలు వచ్చు, నా పేరు రాయడం వచ్చు, అక్కడితో సరి. ఇది కూడా నేను చెబుతుంటే కరామాలో ఇప్పుడు నేనుండే గదిలో పక్క మంచం అమ్మాయి రాస్తోంది. ఆ ఆట సంగతులు నాకు చెప్పినాయన, అబూధాబీలో నేను కనిపెట్టుకుని ఉన్న ఒక అమెరికా పెద్దాయన. ఆయన పోయి ఏడాది దాటింది. తలుచుకుంటే ఏడుపు రాదు, దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అందుకే చెబుతున్నాను.

కరోనా వచ్చిన ఏడాది మా ఆయన షార్జాలో, సజ్జాలోని ఒక ఇనుప ఫ్యాక్టరీలో ఉండేవాడు. నేను అబూధాబీలో ఇళ్ళల్లో పని. ఆ వేసవిలో అబూధాబీకి రాకపోకలు ఆపేశారు. ఆయనకు జ్వరం వచ్చింది, ఆసుపత్రికి తీసుకెళ్ళారు, పోయాడు. కారులో గంటన్నర దారి. వెళ్ళలేకపోయాను. ఆయన గదివాళ్ళే ఫోన్‌లో కబురు చెప్పారు. ఆయన సంచీ, చెప్పులు ఫోన్‌లోనే చూపించారు. చివరి ఘడియలో పక్కన ఎవరున్నారో, ఏమన్నాడో ఈనాటికీ నాకు తెలియదు.

తర్వాత నేను పనిచేసే ఇంటివాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోతూ నన్ను ఒక అమెరికా మేడమ్‌కు అప్పజెప్పారు. ఆమె బడిలో టీచరు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో విల్లా, ఒక్కతే ఉండేది. మరుసటేడు ఆమె తండ్రిని తెచ్చుకుంది. భార్య పోయి ఒంటరిగా ఉన్నారు. ఎడమ కాలు రాదు, గుండె బలహీనం. ఆయన్ని చూసుకోవడం నా పని.

నాది బొంగురు గొంతు. చిన్నప్పటి నుంచి గోదావరి పక్క వీధుల్లో చేపల గంప నెత్తిన పెట్టుకుని అరిచిన గొంతు, గుసగుసలకు పనికిరాదు. మొదటి రోజే ఆయన చెవి మూసుకుని, "స్టేడియంలో వేరుశెనక్కాయలు అమ్మేవాళ్ళకు ఇలాంటి గొంతే ఉంటుంది" అన్నారు. "నాది చేపలమ్మిన గొంతు సార్" అన్నాను. ఆయన నవ్వారు. ఆయనది అమెరికా ఇంగ్లీషు, నాది వంటింటి ఇంగ్లీషు. మా మాటలు ఇక్కడ తెలుగులోనే చెబుతున్నాను.

ఆయన పొద్దస్తమానం ఆ ఆటే చూసేవారు. బత్తాయి వలుస్తూ, ఇది ఇలా, అది అలా అని నాకు చెప్పేవారు. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు కర్రతో కొడతాడు. కొట్టినవాడు పరుగెత్తి మొదటి మెత్త మీద కాలు పెట్టాలి, దాన్ని బేస్ అంటారు. ఇన్నింగ్స్‌కి ముగ్గురు ఔటవ్వాలి, అలాంటివి తొమ్మిది. అంటే ఇరవై ఏడుగురు. వచ్చిన ఇరవై ఏడుగురిలో ఒక్కడంటే ఒక్కణ్ణి కూడా మొదటి బేస్ ఎక్కనివ్వకుండా పంపేస్తే, అది పర్ఫెక్ట్ గేమ్. విసిరేవాడు గొప్పవాడైతే చాలదు. వెనకున్న ఎనిమిది మందిలో ఎవడు బంతి జారవిడిచినా పోతుంది. నూట యాభై ఏళ్ళలో లక్షల ఆటలు ఆడితే రెండు డజన్లు కూడా రాలేదన్నారు.

"అంత అరుదైతే ఎవరిదో దిష్టి తగులుతోంది సార్" అన్నాను. ఆయన కాదనలేదు.

ఆ పాత ఆటల రికార్డింగులు ఆయన దగ్గర చాలా ఉండేవి. మధ్యాహ్నం నిద్ర పట్టకపోతే పెట్టమనేవారు. పెద్ద పోటీల చివర్లో ఒకటి జరిగింది. కొట్టేవాడి వెనక కూర్చుని బంతులు పట్టేవాడు పరుగున వచ్చి, విసిరినవాడి మీదకు దూకి చంటిపిల్లాడిలా చంకనెక్కాడు. అది చూసినప్పుడల్లా నాకు నవ్వు. ఇంకొకడు, తొమ్మిదితో తేలక ఆట సాగుతుంటే, పన్నెండు ఇన్నింగ్స్ దాకా ఒక్కణ్ణీ ఎక్కనివ్వలేదు, కానీ తన జట్టువాళ్ళు ఒక్క పరుగూ తేలేదు. పదమూడోదాంట్లో ఓడిపోయాడు. వాడి ఆట లెక్కలోకే రాదట. మరొకటి, ఇరవై ఏడోవాడు ఔటైనా అంపైరు కాదన్నాడు. రాత్రి మళ్ళీ చూసుకుని ఆ అంపైరు తప్పు ఒప్పేసుకున్నాడు. మర్నాడు ఆ విసిరే పిల్లవాడే ఆటగాళ్ళ పేర్ల చీటీ తెచ్చి ఆ అంపైరు చేతికే ఇచ్చాడు. అంపైరు కళ్ళు తుడుచుకున్నాడు. "చూశావా, ఆట పోయింది కానీ మనుషులు పోలేదు" అనేవారు పెద్దాయన. ఆ మాట నాకు నచ్చేది.

ఆయన సొంత కథ మటుకు మేడమే చెప్పింది. నలభై ఏళ్ళ కిందట వాళ్ళ ఊళ్ళోనే అలాంటి ఆట జరుగుతుంటే ఆయన స్టేడియంలో ఉన్నారు. చలి, తుంపర, జనం పలచన. పక్కన చిన్నపిల్ల, అంటే మా మేడమ్. వణికిపోతూ ఇంటికి వెళ్దాం నాన్నా అని ఏడుపు. ఏడో ఇన్నింగ్స్‌లో పిల్లని కోటులో చుట్టుకుని వచ్చేశారు. మర్నాడు పేపర్లో చూసుకున్నారు, వదిలేసి వచ్చింది ఏమిటో. "నన్ను ఒక్క మాట కూడా అనలేదు" అంది మేడమ్. "అంటే బాగుండేది."

డాక్టరు గుండె సంగతి తేల్చి చెప్పాక ఆయన నాతో ఒకటే అన్నారు. "జరిగిపోయినవి చాలా చూశాను. ఒక్కటి, జరుగుతుండగా, మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా చూస్తే చాలు." అక్కడి పెద్ద లీగులో అలాంటిది వచ్చి అప్పటికే పదేళ్ళు దాటింది. వస్తుందన్న నమ్మకం నాకు లేదు, కానీ వస్తుందిలెండి అనేదాన్ని.

ఆ ఆటకు ఒక కట్టుబాటు ఉంది. జరుగుతున్నంతసేపూ ఆ మాట పైకి అనకూడదు. విసిరేవాడు వచ్చి బెంచీ మీద కూర్చుంటే సొంత జట్టువాళ్ళే పక్కన కూర్చోరు, పలకరించరు. నాకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మా వైపు చంటిపిల్ల బొద్దుగా ఉంటే బక్కచిక్కిందంటాం. కోడలు నెల తప్పితే మూడో నెల దాటేదాకా పుట్టింటికి తప్ప చెప్పం. ఇంత తెలిసి కూడా ఒకసారి ఆరో ఇన్నింగ్స్‌లో బోర్డు మీద సున్నాలు చూసి ఆగలేక, "సార్, ఇది అదేనా?" అన్నాను. మరుసటి బంతికే కర్ర పట్టినవాడు కొట్టి బేస్ ఎక్కేశాడు.

"నువ్వే అన్నావు!" అన్నారు ఆయన.

"నేను ఇక్కడ అంటే వాడికి అక్కడ వినపడిందా సార్?"

"నీ గొంతుకు వినపడుతుంది."

ఆ పూట నా చేతి అన్నం తినలేదు.

బక్రీద్ మర్నాడు. మేడమ్‌కు సెలవులు. తండ్రిని తీసుకుని రస్ అల్ ఖైమా సముద్రం ఒడ్డుకి వెళ్దామని స్నేహితురాలి పెద్ద కారు మాట్లాడింది. ఎండ ముదరకముందే బయల్దేరాలని ఏడున్నరకు డ్రైవరును రమ్మంది. అమెరికాలో రాత్రి ఆట మనకు పొద్దున్నే వస్తుంది కదా. ఆరు కాకముందే పెద్దాయన టీవీ ముందు కూర్చున్నారు. నేను తువ్వాళ్ళు మడతపెడుతూ ఓరకంట చూస్తున్నాను.

అయిదో ఇన్నింగ్స్‌లో ఒక బంతి గట్టిగా పోతుంటే మొదటి బేస్ దగ్గరున్నవాడు పడుకుని ఆపేశాడు. అప్పుడు చూశాను బోర్డు కేసి. అవతలి జట్టు గడిలో అన్నీ సున్నాలే. పెద్దాయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. అంతే. కాఫీ కప్పు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టారు. కదపొద్దని. నేను మడత సగంలో ఉన్న తువ్వాలు భుజాన వేసుకుని నిలబడిపోయాను.

బయట హారన్ మోగింది. డ్రైవరుది జగిత్యాల వైపు, నేను తమ్ముడూ అంటాను. తెలుగు వినబడితే చాలు, వదలడు. తలుపు సందులోంచి చూశాను.

"ఏందక్కా, సలాం లేదు దువా లేదు? పెద్దసారును తీస్కరా, యల్లా, పోదాం. ఎండ ఎక్కుతది."

"బాత్రూంలో ఉన్నారు తమ్ముడూ. నువ్వు ఏసీ వేసుకుని కార్లో కూర్చో."

"సారు బాత్రూంల ఉంటే టీవీ ఎవలకోసం నడుస్తున్నది?"

"నాకోసం. ఏం, నేను చూడకూడదా?"

"గా కట్టె ఆటనా?" అని తల లోపలికి పెట్టి చూశాడు. "గిదేం ఆటక్కా! మా క్యాంపు పోరగాళ్ళు ఓవరుకు మూడు సిక్సులు కొడ్తరు. ఈడ పొద్దుగాల్నుంచి ఒక్కడన్న ఉరికిండా? ఒక్కడు గూడ..."

"నోరుముయ్యి తమ్ముడూ!"

నేను మెల్లిగానే అన్నాననుకున్నాను. నా గొంతు సంగతి తెలిసిందే. మేడ మీద గదిలోంచి మేడమ్ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? నాన్నకు ఏమైంది?"

"బాత్రూం, మేడమ్."

ఎదురుగా బాత్రూం తలుపు బార్లా తీసి ఉంది, లైటు లేదు. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. "నువ్వు నాతో ఉన్నదున్నట్టు చెబుతావనే నిన్ను ఆయన దగ్గర పెట్టాను. ఆయాసం వచ్చిందా? మాత్ర వేశావా? చెప్పు!"

ఏం చెప్పను? ఒక్క మాటలో తేలిపోయే సంగతి. ఆ ఒక్క మాటే అనకూడదు. తల అడ్డంగా ఊపాను. బతుకంతా అరిచి తిన్నదాన్ని, మూగదానిలా నిలబడ్డాను. ఉద్యోగం పోతే పోయింది, ఈ వయసులో ఆయన చేతికి అందినది నా నోటితో పోగొట్టను అనుకున్నాను.

మేడమ్ నన్ను తప్పించుకుని గదిలోకి వెళ్ళింది. తండ్రి తల తిప్పలేదు. "నాన్నా, ఒంట్లో బాగుందా?" అంది. ఆయన చూపు తెర మీదే. ఆమెకు కోపం వచ్చి టీవీ ఆపడానికి రిమోట్ తీసింది. నేను వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఆ ఇంట్లో అడుగుపెట్టాక మేడమ్‌ను ముట్టుకోవడం అదే మొదలు. గడ్డంతో తెర కింది మూల చూపించాను.

ఆమె చూసింది. సున్నా, సున్నా, సున్నా. తండ్రి మొహం చూసింది. మేడమ్ మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. రిమోట్‌ను ఎక్కడ తీసిందో సరిగ్గా అక్కడే పెట్టింది. నిలబడ్డ చోటే నేల మీద కూర్చుంది. ఫోన్‌లో స్నేహితురాలికి ఏదో కొట్టి, బోర్లించేసింది.

ఎనిమిది గంటల మాత్ర ఆయన అరచేతిలో పెడితే నీళ్ళు లేకుండానే మింగారు. అక్కడ స్టేడియంలో ఆ విసిరే అతను బెంచీ చివర ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఇక్కడ మేమూ అలాగే, తలో మూల. ఎనిమిదో ఇన్నింగ్స్ అయింది. తొమ్మిదోదాంట్లో ఒకడు పోయాడు, రెండోవాడు పోయాడు. ఆఖరివాడు కొట్టిన బంతి మూడో బేస్ వైపు దొర్లింది. అక్కడివాడు ఒడిసిపట్టి మొదటి బేస్‌కు విసిరాడు. అందింది.

అప్పుడు అరిచాను చూడండి. గోదావరి అవతలి గట్టుకు వినపడేలా అరిచాను. డ్రైవరు చెప్పుల్తో లోపలికి వచ్చేశాడు.

"ఏమైందక్కా? సారు పోయిండా?"

"నీ మొహం! ఇప్పుడే బతికారు!"

పెద్దాయన మటుకు అరవలేదు. కూతురి వైపు తిరిగారు. "ఈసారి వెళ్దామని అడగలేదు నువ్వు" అన్నారు.

"అడిగితే వచ్చేవారా?" అంది మేడమ్.

"వచ్చేవాణ్ణి."

ఆమె నేల మీద నుంచే వెళ్ళి ఆయన ఒళ్ళో తల పెట్టుకుంది. నేను తమ్ముణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళి టీ పెట్టాను. మధ్యాహ్నం ఎండలోనే బయల్దేరాం. దారి పొడుగునా పెద్దాయన డ్రైవరుకు ఆ ఆట మొత్తం వర్ణించారు, నేను తెలుగు చేశాను. "అయితే ఎవ్వడూ ఉరకకపోవుడే గొప్ప అన్నట్టు" అన్నాడు తమ్ముడు చివరికి. "గట్లనే మా ముదీర్, గదే మేనేజరు, గూడ ఎవ్వన్నీ కదలనియ్యడు. ఆయనకూ కప్పు ఇయ్యాలె." పెద్దాయనకు ఇంగ్లీషు చేసి చెబితే, మేడమ్ కళ్ళు తుడుచుకోవడానికి కాగితాలు ఇవ్వాల్సి వచ్చింది, అంత నవ్వారు.

ఆ తర్వాత ఆయన పాత రికార్డింగులు ఒక్కటి కూడా పెట్టమనలేదు. మామూలు ఆటలు చూసేవారు. ఎవడైనా కొట్టి పరుగెత్తితే చప్పట్లు కొట్టేవారు. మేడమ్ బడి నుంచి రాగానే వచ్చి పక్కన కూర్చునేది. ఆట మీద అంత ఇష్టం లేకపోయినా అయ్యేదాకా లేచేది కాదు.

చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆయన పోయారు. ఒక పక్క మేడమ్, ఒక పక్క నేను. ఊపిరి నెమ్మదించినప్పుడు మేడమ్ అంబులెన్సుకు ఫోన్ చేసి వచ్చి మళ్ళీ చెయ్యి పట్టుకుంది. నేను అరికాళ్ళు రాస్తూ ఉన్నాను. ఆయన కళ్ళు తెరిచి ఆమెను చూశారు, నన్ను చూశారు. ఆయనకు ఏ మాత్రం భయం లేదు, అది నేను కళ్ళారా చూశాను. మా ఆయన దగ్గర నాకు దక్కనిది ఆ మంచం పక్కన దక్కింది. ఒక మనిషి దగ్గర ఆఖరిదాకా కూర్చోనిచ్చారు. ఆ తండ్రికీ ఆ కూతురికీ నేను రోజూ పొద్దున్నే, పనికి వెళ్ళే బస్సులో, ఒకసారి దణ్ణం పెట్టుకుంటాను.