మోసింది నేను, చూసింది బాబ్జాన్

నిన్న పొద్దున ధర్మవరంలో కూతురి ఇంట్లో టీ తాగుతున్నాను. ఫోన్ వచ్చింది.

మా బాబ్జాన్ పోయాడని.

గ్లాసు అక్కడే పెట్టి బస్సెక్కాను. హిందూపురం చేరేసరికి వాడి ముఖం మూసేశారు. గోరీలో పిడికెడు మట్టి మాత్రం ఇచ్చాను.

నాకు రాయడం సరిగా రాదు. నేను చెబుతుంటే ఫోనే రాసుకుంటోంది. తప్పులుంటే ఉండనీ.

ఇద్దరం చింతపండు మండీలో హమాలీలం. మూట ఎత్తడంలో నన్ను మించినవాడు లేడు. పేరు మాత్రం వాడిది. షావుకార్లు కూడా బాబ్జాన్, బాబ్జాన్ అనేవాళ్ళు.

నాకు మంట. దాచేదేముంది.

నడుము పడిపోయి మంచం పట్టాక కూడా వాడిదే పైచేయి.

వాడి మనవరాలు షబానా ఇంజనీరింగ్ చదువుతోంది. మంచంలో ఉన్న వాడి కోసం కళ్ళకు కట్టుకునే డబ్బా ఒకటి తెచ్చింది. తల ఎటు తిప్పితే అటు వీడియో, లైవ్‌లో. చుట్టూ నాలుగు పక్కలా తీసి దానికి పంపే కెమెరా ఒక కర్ర చివర ఉంటుంది. ఆ కర్ర మోసుకొని ఊరంతా తిరిగేది నేను.

షబానానే చెప్పింది. "సిగ్నల్ చాలదు తాతా. చుట్టూ అంతా క్లియర్‌గా పంపితే ఆగిపోతాది. మా దాదా ఎటు చూస్తాడో మెషిన్ నేర్చుకుని, ఆ పక్క మాత్రం ముందే క్లియర్‌గా పంపుతాది. మిగతాదంతా మసకే."

వాడి చూపు నేర్చుకోవడానికి ఒక మెషిన్. నా చూపు ఎవరికి కావాలి?

మొన్న పెనుకొండ దర్గా ఉరుసుకూ నేనే మోశాను. ఆ జనంలో నాకు కనిపించింది ముందున్నవాళ్ళ వీపులే.

తిరిగొచ్చి అడిగాను. "ఏం చూస్తివబ్బా?"

"అంతా చూస్తినప్పా. గుర్రం, లైట్లు, గంధం. మోసేటోనికి ఏం తెలుస్తాది?"

కడుపు మండి, టీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను.

నిన్న మట్టి అయ్యాక షబానాను అడిగాను, వాడు చూసిందే నాకూ చూపించమ్మా అని. ఆ రోజు వాడికి వచ్చిన వీడియో వచ్చినట్టే ఉంచింది. డబ్బా నా కళ్ళకు కట్టింది.

గుర్రం మసక. లైట్లు మసక. గంధం ఎక్కడో కూడా తెలియలేదు.

తల కిందికి వంచాను.

కర్ర పట్టుకొని, చెమటలు కారుతూ, నోరు తెరుచుకొని ఒక ముసలోడు. మీసంలో ప్రతి వెంట్రుకా క్లియర్.

నేనే.

"ఎప్పుడూ నీ పక్కే చూస్తాండె తాతా. మెషిన్ అదే నేర్చుకున్యాది" అంది షబానా.

అబద్ధాలకోరు. గుర్రం చూశాడంట.

బాబ్జాన్, ఇందులోనూ నువ్వే గెలిచావు. నువ్వు నా ముఖం కళ్ళారా చూసుకొని పోయావు. నీ ముఖం నాకు చివరిసారి కూడా దక్కలేదు.

ఇప్పుడూ మంటే నాకు.

పడుకో అబ్బా. నడుము నొప్పి లేకుండా, చల్లగా పడుకో.