ఆపిన మాత్రలు

తిరుపతిలో నా గొంతు గడ్డ తీసేసి ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ మాత్రల కవరు మీద ఏదో రాసిచ్చింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. చిత్తూరు దగ్గర మా ఊరు చేరగానే నా మొగుడి అక్క ఆ కవరు లాక్కుని కొంగున ముడేసుకుంది.

"పచ్చిపుండు మే. పాలు, పెరుగు ముట్టగాకు, సీము పడతాది. ఎండకు రాగాకు. ఈ మాత్రలు వేడి సేస్తాయి. పుండు మాననీ, ఇస్తా" అనింది. తలుపులు మూసిన గదిలో పడుకోబెట్టింది.

మూడో రోజుకు పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది. మర్నాడు వేళ్లు దగ్గరికి ముడుచుకుని చేతులు వంగిపోయాయి. "మాత్రలియ్యి వదినా" అని ఏడ్చాను. ఆమె వీధిలోకి పోయి "గాలి సోకినాదమ్మో!" అని కేకేసింది. భూతవైద్యుడొచ్చి అందరి ముందూ వేపమండలతో కొట్టాడు. "ఎవుర్తివే నువ్వు? యాడ నుంచొచ్చినావు?" అని నా జుట్టు పట్టుకుని అడిగింది మాత్రం వదినే.

పొలం నుంచి వచ్చిన నా మొగుడు, అక్క కొంగుముడి విప్పి కవరు తీసుకుని నన్ను బస్సెక్కించాడు. తిరుపతిలో నరంలోకి మందు ఎక్కిస్తుంటే పిడికిళ్లు మెల్లగా విచ్చుకున్నాయి.

"గాలీ లేదు, దయ్యమూ లేదు. గొంతు గడ్డ తీసినాక మాత్రలు పడక రక్తంలో కాల్షియం పడిపోయింది. విటమిన్ డి కూడా తక్కువే. మాత్రలు ఎవరాపినారు?" అన్నాడు డాక్టరు. నా మొగుడు కవరు తీసి ఆయన ముందు పెట్టాడు.

ఆ కవరు దాచుకున్నాను. కొన్నేళ్లకు ఊళ్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి పెడితే పలక తీసుకుని అందరికంటే ముందు పోయి కూర్చున్నాను. అక్షరాలు కూడబలుక్కుని మొదట చదివింది ఆ కవరునే: "ఒక్క పూట కూడా ఆపకూడదు."

తర్వాత వదినకు ఎముకల నొప్పులు పట్టుకున్నాయి. డాక్టరు పాలలో కలిపి తాగమని వారానికొక విటమిన్ డి పొడి పొట్లం రాశాడు. "మే, ఎప్పుడెప్పుడు తాగాల్నో సదివి సెప్పు" అని వచ్చింది. పొట్లాలన్నీ నా పెట్టెలో పెట్టి తాళం వేశాను.

"వారం వారం నేనే ఇస్తా. ముందు సెప్పు వదినా, ఆ పొద్దు నాకు పట్టింది ఏంది?"

వీధి కొళాయి దగ్గర ఆడవాళ్లంతా ఉన్నారు.

"పాత మాటలు ఇప్పుడెందుకు మే?"

"అయితే పో."

గడప దాకా పోయి తిరిగొచ్చింది. "గాలి కాదులే. మాత్రలు నేనే ఆపినా" అని గొణిగింది.

"కొళాయి కాడికి ఇనబడల్లా."

గట్టిగా అనింది.

ప్రతి ఆదివారం వస్తుంది. పాలు కాచి పెట్టే ఉంచుతాను. ఒక్క వారం కూడా నేను ఆపలేదు. ఆ మాట మళ్లీ వీధికి వినబడేదాకా మాత్రం పొట్లం కత్తిరించను.